మేతలో దాగిన విషము: రొయ్య ఎదుగుదలను హరించు బూజు

నీటి ఉప్పదనము, ప్రాణవాయువు, క్షారగుణము అన్నియు కొలత తప్పక ఉన్నవి. ఏరేటర్లు రాత్రింబవళ్ళు తిరుగుచునే ఉన్నవి. తెల్లమచ్చల వైరస్ జాడ లేదని ప్రయోగశాల తెలిపినది. చెక్ ట్రేలో వేసిన మేత వేళకు చెల్లిపోవుచున్నది. ఇన్ని శుభలక్షణములున్నను, 90 దినములు గడచునప్పటికి 50 కౌంటుకు (కిలోకు 50 తూగు పరిమాణమునకు) రావలసిన వెనామీ రొయ్య 80 కౌంటు వద్దనే నిలిచిపోయి, ఒకే చెరువులో పెద్దవి కొన్ని, చిన్నవి కొన్నియై, గుల్ల మెత్తబడి, పట్టుబడి నాడు రైతు వేసికొన్న లెక్కలన్నిటిని తలక్రిందులు చేయుట మన కోస్తాయందు కొత్త సంగతి గాదు. తిన్న తిండి ఏమైపోవుచున్నదను ఈ ప్రశ్నకు సమాధానములు పెక్కులు గలవు. వానిలో తరచుగా మరువబడునట్టి ఒక సమాధానమునకు మూలము చెరువులో లేదు. ఎక్కడనో గింజ ఎండిన కళ్ళములో, బస్తాలు పేర్చిన గోదాములో, తడిసి ఆరిన మొక్కజొన్న రాశిలో ఉన్నది. అదియే బూజు పుట్టించు విషము.

విశాఖపట్టణము ఈ పరిశ్రమయొక్క ఆద్యంతములను రెండింటిని చూపునట్టి నగరము. నగరమునకు దక్షిణముగా బంగారమ్మపాలెమునందు సముద్రోత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థకు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రము వెనామీ తల్లిరొయ్యలను పెంచుచున్నది. ఉత్తరముగా భీమునిపట్నము తీరము పొడవునను హేచరీలు పిల్లలను పుట్టించి చెరువులకు పంపుచున్నవి. ఆ పిల్లలే పెరిగి, శీతలీకరింపబడి, 1933లో నౌకల రాకపోకలకు తెరువబడిన రేవునుండి అమెరికాకును చైనాకును తరలిపోవుచున్నవి. వివేకవంతుడైన రైతు రోగము జాడ తెలుపు పి.సి.ఆర్. పరీక్ష లేనిదే సీడు (రొయ్యపిల్లలు) కొనడు. కొనుగోలు దేశములు యాంటీబయాటిక్ అవశేషముల పరీక్ష లేనిదే సరుకు అంగీకరింపవు. మొదట నొక పరీక్ష, తుదిని మరియొక పరీక్ష. ఆ రెండింటి నడుమ, నెలల తరబడి, పెట్టుబడిలో సగమునకు అటునిటుగా హరించుచు రొయ్య నోటికందునది మేత. బస్తామీద మాంసకృత్తులెన్ని, కొవ్వెంత, పీచెంత, తేమయెంత అని అచ్చువేయబడి యుండును గాని, అందులో బూజువిషమెంతయను ప్రశ్నకు సామాన్యముగా జవాబు కానరాదు. కానరాని ఆ జవాబు విలువ ఎంతటిదో విశదీకరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

చేనినుండి చెరువునకు

ఒకప్పుడు రొయ్య మేతకు చేపపిండియే ప్రాణము. సముద్రములో చిన్నచేప తగ్గుచు, దాని ధర పెరుగుచు వచ్చిన కొలదిని సోయాపిండి, గోధుమపిండి, తవుడు, మొక్కజొన్న, వేరుశనగ చెక్క మొదలగు నేలపంటలు దాని స్థానమున ప్రవేశించినవి. ఈ మార్పు సముద్రమునకు మేలు చేసినదే. కాని చేపపిండిలో అంతగా లేని ఒక ఆపదను గింజలు తమవెంట కొనివచ్చినవి.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను పచ్చని బూజు నేలలోను, గాలిలోను, ఎండుటాకులలోను సర్వత్ర వ్యాపించియున్నది. పంట చేతికి వచ్చు దినములలో వానలు మొగము చాటువేసి వేరుశనగ బెట్టకు గురియైనప్పుడు అది నేలలోని కాయలోనికే చొరబడును. కోసిన పిమ్మట తడిసిన గింజలో, 25 మొదలు 35 డిగ్రీల వెచ్చదనములో, అది మరింత విజృంభించును. ఫ్యుజేరియమ్ అను వేరొక జాతి బూజు మొక్కజొన్న కంకి చేలో ఉండగనే దానిని పట్టుకొనును. ఈ శిలీంధ్రములు తమ జీవనక్రమములో భాగముగా కొన్ని రసాయనములను తయారుచేసి గింజలో వదలును. ఆస్పర్జిల్లస్ వదలునది అఫ్లటాక్సిన్. ఫ్యుజేరియమ్ వదలునవి ఫ్యుమోనిసిన్, డీఆక్సీనివలెనాల్, టి-2 మొదలైనవి.

గింజలోని తేమ 12 శాతమునకు లోబడియున్నంతవరకు బూజు నిద్రాణమై యుండును. సంవత్సరములో అధికభాగము ఉక్కపోత విడువని మన తీరమున ఆ హద్దును నిలుపుకొనుట సులభము గాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పటివలె గోదాముల పైకప్పులు ఎగిరిపోనక్కరలేదు. వట్టి సిమెంటు నేలమీద, గోడకానించి పేర్చిన బస్తా అడుగు చెమర్చుటకు నాలుగుదినముల ముసురు చాలును.

తెలిసిన విషమే, మరచిన చరిత్రయే

1960లో ఇంగ్లండునందు లక్షకు మించిన సీమకోళ్ళు కారణము తెలియకయే కూలిపోయినవి. పరిశోధకులు ఆ మృత్యువు వెంట నడచి నడచి, బ్రెజిలునుండి దిగుమతియైన వేరుశనగ పిండిని చేరి, అందులో అఫ్లటాక్సిన్‌ను కనుగొనిరి. ఆ కాలముననే అమెరికాలో చేపల పెంపకశాలలయందు రెయిన్‌బో ట్రౌట్ చేపలకు కాలేయములో కంతులు విరివిగా పుట్టుట చూచి విస్తుపోయిన శాస్త్రజ్ఞులు, పత్తిగింజల పిండిలోని ఇదే విషమును దానికి కారణముగా నిర్ధారించిరి. కావున ఈ విషము చరిత్ర మొదటినుండియు నీటిజీవుల మేతతో ముడిపడియే యున్నది.

మన యింటిముంగిటను ఇది అపరిచితము గాదు. వేరుశనగ చెక్క తినిన ముర్రా గేదెలకు ఆంధ్రప్రదేశమునందు కలిగిన విషప్రభావమును గూర్చి 1965లోనే పశువైద్యులు నివేదించిరి. 1974లో గుజరాతు, రాజస్థానముల సరిహద్దు గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూటికి పైగా మనుష్యులు కామెర్లతో మరణించినప్పుడు, ఆ కారణమును వెలికితీసిన వారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. 1995లో అకాలవర్షములకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు తిని దక్కను పీఠభూమి గ్రామములవారు కడుపునొప్పి, విరేచనములతో బాధపడినప్పుడు, అది ఫ్యుమోనిసిన్ పని యని తేల్చినవారును ఆ సంస్థవారే. హైదరాబాదు చెంతనే పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వేరుశనగలో అఫ్లటాక్సిన్‌ను తగ్గించుటకును, తక్కువ ఖర్చుతో దానిని పసిగట్టుటకును దశాబ్దములుగా కృషి చేయుచున్నది. విద్య మన చెంతనే ఉన్నది. అది రొయ్యల చెరువు గట్టువరకు నడువవలసియున్నది.

బూజు చచ్చును, విషము చావదు

మేత మిల్లులో పిండిని ఆవిరితో ఉడికించి గుళికలుగా నొత్తునప్పుడు దానికి సుమారు 80 మొదలు 95 డిగ్రీల వేడి తగులును. ఆ వేడికి బూజు నశించును. అంతటితో ఆపద తొలగినదని తలచుట సహజమే గాని సత్యము గాదు. ఏలయన, అఫ్లటాక్సిన్ అణువు చెదరుటకు 250 డిగ్రీలు దాటిన వేడి కావలెను. కూరలో ఉప్పు వేసినవారు వంటింటినుండి వెళ్ళిపోయినను ఉప్పు కూరను విడిచిపోదు, ఎంత మరిగించినను ఆవిరియై ఎగిరిపోదు, ముక్కముక్కకును ఇంకియుండును, చూపునకు ఆనదు. బూజు విషముయొక్క స్వభావము సరిగా ఇట్టిదే.

దీనినుండి రెండు సత్యములు ఫలించుచున్నవి. శుభ్రముగా, సువాసనగా, నిగనిగలాడుచున్న గుళికలో సైతము విషముండవచ్చును, దానిని తయారుచేసిన బూజు మిల్లులోనే చచ్చియుండవచ్చును గనుక. బూజు కంటికి కనబడిన ప్రతి మేతయందును విషము తప్పక ఉండునని చెప్పుటకును వీలులేదు, బూజులన్నియు విషమును తయారుచేయవు గనుక. అందువలన కన్ను, ముక్కు, చేయి ఈ విషయమున నమ్మదగిన సాక్షులు గావు. రసాయన పరీక్షయొక్కటే సాక్షి.

> ఒక కొలత: కిలోకు 20 మైక్రోగ్రాములు అనగా ఎంత?
> ఐరోపా కూటమి మేత ముడిసరుకులలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములకు మించరాదని కట్టడి చేసినది. అనగా వేయి కిలోలకు 20 మిల్లీగ్రాములు. 25 కిలోల బస్తాలు 40 తీసికొని వానియందున్న విషమునంతను ఒక్కచోటికి చేర్చినచో అది ఇంచుమించుగా ఒక్క బియ్యపు గింజ తూకమునకు సరిపోవును. ఇంతటి అల్పప్రమాణమును అదుపు చేయవలసివచ్చుటనుబట్టియే దాని తీక్ష్ణతను ఊహింపవచ్చును.

రొయ్య దేహములో ఒకే అవయవము, అయిదు పనులు

రొయ్య తలగుల్ల క్రింద, పలుచని పొరలోనుండి గోధుమవన్నెతో కానవచ్చు అవయవమును హెపటోపాంక్రియాస్ అందురు. మన దేహమున కాలేయము, క్లోమము విడివిడిగా చేయు పనులను రొయ్యలో ఇది యొక్కటియే నిర్వహించును. ఆహారమును జీర్ణముచేయు రసములను స్రవించుట దీని పని. జీర్ణమైనదానిని గ్రహించుట, గుల్ల విడుచు సమయమునకై కొవ్వును దాచుట, రక్తములో ప్రాణవాయువును మోయు హీమోసయనిన్ అను రాగిభరితమైన మాంసకృత్తును తయారుచేయుట, లోనికి వచ్చిన విషపదార్థములను నిర్వీర్యపరచుట కూడ దీని పనులే. సన్నని గొట్టములు పెక్కులు గుమికూడి ఏర్పడిన ఈ అవయవమే బూజు విషమునకు మొదటి గురి.

ఇక్కడ ప్రకృతిలో ఒక విషాదకరమైన వైపరీత్యమున్నది. మేతలోనుండి లోనికి పోయినప్పుడు అఫ్లటాక్సిన్ బి1 అంతగా చురుకైనది గాదు. దేహము దానిని నీటిలో కరుగునట్లు మార్చి బయటికి త్రోయ సంకల్పించి, తన కిణ్వములచే దానికొక ప్రాణవాయు పరమాణువును జోడించును. ఆ జోడింపుతోనే అది మహోగ్రరూపము దాల్చి, కణకేంద్రములోని డి.ఎన్.ఏ.ను అంటిపెట్టుకొనును. ఆ తాకిడికి జన్యులిపి చదువుట కుంటువడును, మాంసకృత్తుల నిర్మాణము మందగించును, కణము చితికిపోవును. విరుగుడుకొరకు ఏర్పడిన యంత్రాంగమే విషమును చేతికందించుట యనగా ఇదియే. గ్లుటథయోన్ అను రక్షకద్రవ్యము కొంతవరకు ఆ ఉగ్రరూపమును పట్టి బంధించును గాని, దినదినమును, పూటపూటకును వచ్చి పడుచున్న విషమునకు ఆ నిల్వ చాలదు.

గొట్టముల గోడలు కృశించినంతనే రైతు చూచు లక్షణములు ఒకదానివెంట నొకటి బయలుదేరును. జీర్ణరసములు తగ్గుటచే తిన్న మేత వంటబట్టక మలముగా పోవును; కిలో రొయ్యకు పట్టు మేత పెరుగును; దానినే చెరువుగట్టున ఎఫ్.సి.ఆర్. చెడినదందురు. కొవ్వు నిల్వ తగ్గుటచే గుల్ల విడుచుట ఆలస్యమై, విడిచినది సరిగా గట్టిపడదు. హీమోసయనిన్ కొరతపడిన దేహము, నీటిలో ప్రాణవాయువు అడుగంటు తెల్లవారుజాము వేళను తట్టుకొనుట కష్టము. అన్ని రొయ్యలును సమముగా తినవు, సమముగా తట్టుకొనవు. కావున సైజులలో తేడా హెచ్చును.

తక్కిన విషములు వేరుత్రోవల తొక్కును. డీఆక్సీనివలెనాల్ మాంసకృత్తులను అల్లు రైబోసోములను పట్టుకొని వాని పనిని ఆపును. కిలో మేతలో ఒక మిల్లీగ్రాముకు మించని ప్రమాణమే వెనామీ ఎదుగుదలను తగ్గించినట్లు ప్రయోగములు చూపినవి. ఫ్యుమోనిసిన్ రూపమున కణపొరల కొవ్వులకు మూలమైన ఒక అణువును పోలియుండుటచే, కిణ్వము దానిని చూచి భ్రమపడి తన పనిని విస్మరించును. పొరలు బలహీనపడి, కండ నాణ్యతయు చెడును. ఒకే మేతలో మొక్కజొన్నతో ఒకటి, వేరుశనగతో మరొకటి చేరుట సంభవమే గనుక, విడివిడిగా సహింపదగిన ప్రమాణములు కూడినప్పుడు సహింపరానివి కావచ్చును.

ఎంత మోతాదు రొయ్యకు కీడు చేయునను ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానము చెప్పుట సాధ్యము గాదు. కొన్ని ప్రయోగములలో కిలో మేతలో 100 మైక్రోగ్రాములకు లోపలి అఫ్లటాక్సిన్‌కే కణజాలములో మార్పులు పొడసూపగా, మరికొన్నింట ఎదుగుదల తగ్గుటకు అనేక వందల మైక్రోగ్రాములు కావలసివచ్చినవి. జాతి, వయస్సు, తినిన దినముల సంఖ్య ఈ తేడాలకు హేతువులు. అయినను ఒక క్రమము మాత్రము స్పష్టము: సూక్ష్మదర్శినిలో గాయము ముందుగా కనబడును, త్రాసులో నష్టము తరువాత కనబడును. రైతు చేతిలో నున్నది త్రాసే గనుక, అతనికి వార్త ఆలస్యముగా చేరుచున్నది.

తలుపు తెరచునది ఒకరు, దోచుకొనునది వేరొకరు

రొయ్యకు మనవలె ప్రతిరక్షకములు లేవు. ఒకసారి ఎదుర్కొన్న శత్రువును జ్ఞాపకముంచుకొని మరల వచ్చినప్పుడు గుర్తుపట్టు ఏర్పాటు దాని దేహములో మనకున్న రీతిగా నిర్మింపబడలేదు. దానికున్న రక్షణ యంతయు రక్తములో తిరుగాడు హీమోసైట్ కణములును, గాయమును నల్లబరచి మూసివేయు ఫీనాలాక్సిడేజ్ వ్యవస్థయును. బూజు విషము ఈ కణముల సంఖ్యను, చురుకుదనమును తగ్గించును. అప్పుడు చెరువులో ఎల్లప్పుడు ఉండునట్టి విబ్రియో సూక్ష్మజీవులు, అంతవరకు అణగియున్నవి, తలయెత్తును. రొయ్య చనిపోవును, పరీక్షలో విబ్రియో కనబడును, మందుల దుకాణమువారు విబ్రియోకు మందు అమ్ముదురు. ఆ మందు కొన్నినాళ్ళు పనిచేసినట్లు తోచి, మరల అదే కథ నడచును. మేత మారలేదు గనుక.

దీనికి తోడు ఇ.హెచ్.పి. అను సూక్ష్మపరాన్నజీవి సైతము హెపటోపాంక్రియాస్‌నే ఆశ్రయించి, ఎదుగుదలను కుంటుపరచి, సైజు తేడాలను పుట్టించును. ఒకే అవయవమును రెండు వేర్వేరు కారణములు దెబ్బతీయునప్పుడు పైకి కనబడు లక్షణములు కవలలవలె ఉండుటలో వింత లేదు. కావున రొయ్య పెరుగలేదన్నంత మాత్రమున మేతను దోషిగా నిలబెట్టుట అన్యాయము, ఇ.హెచ్.పి. లేదని పి.సి.ఆర్. తెలిపినంతనే ఇక కారణము లేదనుకొనుటయు అన్యాయమే. రొయ్యను ఒక పరీక్షకు, మేతను మరొక పరీక్షకు పంపి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట ఒక్కటే మార్గము.

మేతను పరీక్షించుటలో ఒక చిక్కున్నది. విషము రాశియంతటను సమముగా పరచుకొని యుండదు. వేలకొలది మంచి గింజల నడుమ కొద్దిపాటి చెడుగింజలలోనే అధికభాగము పోగుపడియుండును. ఒక్క బస్తానుండి తీసిన ఒక్క పిడికెడు శుభ్రముగా తేలి, దాని ప్రక్కబస్తా విషపూరితమై యుండవచ్చును. అనేక బస్తాల పైభాగము, నడుమ, అడుగులనుండి తీసి కలిపి, మెత్తగా పొడిచేసి, ఆ పొడినుండి నమూనా తీసినప్పుడే పరీక్షకు అర్థముండును.

> రైతు చేతిలో నున్న జాగ్రత్తలు
> బస్తాలను నేలమీద గాక చెక్కబల్లలమీద, గోడకు ఎడముగా, గాలి ఆడునట్లు పేర్చవలెను. ముందు వచ్చిన సరుకును ముందు వాడవలెను. వానకాలమున నెలలకు సరిపడ కొని నిల్వచేయరాదు.
> గడ్డకట్టినది, చెమర్చినది, ముక్కవాసన వేయునది చెరువులో వేయరాదు. అట్టిదానిని ఎండబెట్టి మరల వాడుట ప్రమాదము. ఎండకు బూజు ఆరును గాని విషము పోదు.
> ప్రతి విడతనుండి అర్ధకిలో నమూనా తీసి, విడత సంఖ్యతో, తేదీతో, గాలి చొరని సంచిలో చల్లని పొడిచోట దాచవలెను. రొయ్య మందగించిన నాడు తగవునకు ఆధారము అదియే.

విరుగుడు మట్టి, దాని హద్దులు

మేతలో విషమును బంధించునట్టి పొడులు బజారున లభించుచున్నవి. వీనిలో ముఖ్యమైనది బెంటొనైట్ జాతి బంకమట్టి. అఫ్లటాక్సిన్ అణువు బల్లపరుపుగా నుండుటచే మట్టిరేకుల సందులలో చక్కగా ఇమిడి, ప్రేగులో ఇంకక మలముతో వెడలిపోవును. కాని డీఆక్సీనివలెనాల్, ఫ్యుమోనిసిన్‌ల అమరిక వేరు గనుక వానిని మట్టి అంతగా పట్టజాలదు. వాని విషయమున ఈస్టు కణముల గోడలు, విషాణువును విడగొట్టు కిణ్వములు ఉపయోగింప యత్నించుచున్నారు. ఏ విషమున్నదో తెలియకుండ ఏదో ఒక పొడిని చల్లుట వృథావ్యయము. పరీక్ష ముందు, పొడి తరువాత.

తినువారి సంగతి యేమని పాఠకులు అడుగుట న్యాయము. అఫ్లటాక్సిన్ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ప్రథమశ్రేణిలో చేర్చియున్నది. ప్రయోగములలో విషపు మేత తినిన రొయ్యలయొక్క కండలో దొరకిన అవశేషము అత్యల్పము. కావున ప్రస్తుతము ఈ విషముచే అధికముగా నష్టపోవుచున్నది భోజనపు బల్లకడ కూర్చున్నవారు గాక చెరువుగట్టున నిలిచినవారే.

ఎవరి బాధ్యత?

1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన పిమ్మటనే సీడు పరీక్ష మన రైతులకు అలవాటైనది. ఎన్నియో కుటుంబములు అప్పులపాలై చెల్లించిన మూల్యమది. బూజు విషము అటువలె ఒక్కరాత్రిలో చెరువును ఖాళీచేయదు. ప్రతి పంటనుండి కొంతకొంత తీసికొనిపోవును. అందువలననే అది ఉద్యమము పుట్టింపదు, వార్తలకెక్కదు. అందువలననే దానికి ముందుచూపు మరింత అవసరము.

గింజను తడి నేలమీద పోసిన వ్యాపారి, దానిని చౌకయని కొన్న మిల్లు, చెమర్చిన గోదాములో నెలలకొలది ఉంచిన డీలరు చేసిన తప్పిదమునకు, గొలుసులో కడపటివాడైన రైతు ఒక్కడే దండుగ కట్టుట ధర్మము గాదు. 2020లో ఆంధ్రప్రదేశము మత్స్యమేత నాణ్యతా నియంత్రణమునకై ప్రత్యేకముగా ఒక చట్టమును చేసికొన్నది. ఆ చట్టముయొక్క నీడలో ప్రతి విడత మేతకును అఫ్లటాక్సిన్, ఫ్యుమోనిసిన్, డీఆక్సీనివలెనాల్ పరీక్షల అంకెలు బస్తాపైన ముద్రింపబడు రోజు రావలెను. పెద్ద మిల్లులు తమ ముడిసరుకు నాణ్యతకై చేయు పరీక్షల ఫలితములను కొనువానికి సైతము తెలుపుట వారికి భారము గాదు. ప్రభుత్వ ఆక్వా ప్రయోగశాలలలో రొయ్య, నీరు, మట్టి నమూనాలతోపాటు మేత నమూనాను సైతము స్వీకరించు ఏర్పాటు ప్రతి తీరజిల్లాలోను ఉండవలెను. అంతవరకు రైతు సంఘములు చేయదగినది ఒకటున్నది: టన్నులకొలది మేతను ఒక్కుమ్మడిగా బేరమాడునప్పుడు, ధరకు ముందుగా విషపరీక్ష పత్రమును అడుగుట. ఒంటరి రైతు అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోవచ్చును. ఊరంతయు కలిసి అడిగి, పత్రము లేని సరుకును కొనమని నిలిచినప్పుడు ఆ పత్రము తప్పక వచ్చును.